అరంగుళం డమ్మీ

మా బావను ఈ చుట్టుపక్కల పైపుల పని చేసేవాళ్ళెవరూ పేరుపెట్టి పిలవరు. ‘ఇంకోసారి మేస్త్రీ’ అంటారు. పని అయిపోయి, సామానంతా సంచిలో సర్దుకుని, ఇంటివాళ్ళు తలుపు వేసుకోబోతుండగా ఆయన వెనక్కి తిరిగి, “ఇంకోసారి చూసొస్తానండీ” అంటాడు. చూసొస్తాడు కూడా. వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చిన రోజులున్నాయి. ఆయన తిరిగి రావడం కిటికీలోంచి చూసి గబుక్కున గడియ పెట్టేసుకున్న ఇల్లాళ్ళనూ నేనెరుగుదును.

నాది పైపులూ ఫిట్టింగులూ అమ్మే చిన్న దుకాణం. అక్క మొగుడు ప్లంబరు, తమ్ముడికి పైపుల కొట్టు, భలే కలిసొచ్చిందని అందరూ అంటారు. కలిసొచ్చిందేమీ లేదు. నా కొట్లో సరుకును ఆయన చూసినంత అనుమానంగా ఏ తనిఖీ అధికారీ చూడడు. పెళ్ళిచూపులకని మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజున మా అమ్మ మంచినీళ్ళు తెచ్చేసరికి ఆయన కుర్చీలో లేడు. వంటగదిలో సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. “ఇక్కడ ఒక యాంగిల్ వాల్వ్ పెట్టుకోవాలత్తయ్యా, లేకపోతే ఈ కుళాయి పాడైతే ఇల్లంతా నీళ్ళు ఆపుకోవాలి” అని కిందనుంచే చెప్పాడు. ఆయన ముఖాన్ని సరిగా చూడకుండానే మా అమ్మకు అల్లుడు నచ్చేశాడు.

వాల్వుల గురించి మాట్లాడుతుంటే ఆయన వేరే మనిషి. ట్యాంకు కింద గేట్ వాల్వ్ పెట్టి సగం తిప్పి వదిలేసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. తెరిస్తే పూర్తిగా తెరవాలి, మూస్తే పూర్తిగా మూయాలి, సగంలో నిలబెడితే లోపలి పలక నీళ్ళ ఒరిపిడికి అరిగి చస్తుందంటాడు. అటూ ఇటూ మాటిమాటికీ తిప్పాల్సిన చోట బాల్ వాల్వ్ పెట్టమంటాడు. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు, కళ్ళజోడు లేకపోయినా తెలుస్తుంది. నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ చేతికి ఇస్తే ముందు దాని ఒంటి మీద బాణం గుర్తు చూస్తాడు, బిగించాక చూస్తాడు, సంచి భుజాన వేసుకున్నాక మరోసారి చూస్తాడు. బిగించిన ప్రతి వాల్వ్‌నూ నెలకోసారి మూసి తెరవమని ఇంటివాళ్ళ చేత ఒట్టు పెట్టించుకున్నంత పని చేస్తాడు.

ఇదంతా ఆయన ఎవరింట్లోనో చేసుకుంటే నాకేం బాధ లేదు. నా కొట్లో చేసేవాడు. టీ తాగడానికని వచ్చి, స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడినీ “ఎక్కడికి? ఎందుకు? నీళ్ళు ఎటునుంచి ఎటు పోతాయి?” అని నిలదీసేవాడు. వాల్వ్ కొనుక్కుందామని వచ్చినవాడు పరీక్ష తప్పినవాడిలా వెళ్ళిపోయేవాడు. రెండేళ్ళ కిందట ఒకరోజు నాకు విసుగెత్తి, “బావా, ఇది కొట్టు. అడిగింది ఇస్తాను, పంపిస్తాను. ఇక్కడ నీ ప్రశ్నలొద్దు” అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. అప్పటినుంచీ టీ తాగి నోరు మూసుకుని వెళ్ళిపోతున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

ఈ మధ్య ఒకరోజు పొద్దున పదకొండు దాటాక బావ వచ్చాడు. బేరాలు పెద్దగా లేవు. ఆయనను నవ్విద్దామని పొద్దున జరిగిన ముచ్చట మొదలుపెట్టాను.

“పొద్దున ఒకాయన వచ్చాడు బావా. డమ్మీ కావాలట. సైజెంతండీ అంటే, జేబులోంచి దర్జీ టేపు తీసి, ‘చుట్టుకొలత ఇంత’ అని చూపించాడు. పైపుకి చొక్కా కుట్టేలా ఉన్నాడు!”

డమ్మీ అంటే పైపు మూతికి బిగించే చిన్న ఇత్తడి బిరడా. లోపలినుంచి చుక్క బయటికి రానివ్వదు, దాని పని అంతే. బావ నవ్వాడు. “దేనికట?” అన్నాడు మామూలుగా.

“గీజర్ కింద ఏదో వాల్వ్‌లోంచి బొట్లుబొట్లుగా కారుతోందట. దానికి మూతిలాగా మరలున్న గొట్టం ఉందట. అరంగుళం ఇచ్చాను.”

బావ టీ గ్లాసు కింద పెట్టాడు.

“కారేది గీజర్ కిందా? చల్లనీళ్ళు లోపలికి పోయే చోటా?”

“ఏమో బావా, నేనడగలేదు.”

“ఇంకేం చెప్పాడు? మాట మాట చెప్పు.”

ఆ గొంతు విన్నాక నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. గుర్తు తెచ్చుకున్నాను. ఆయన గీజర్‌ను మెచ్చుకున్నాడు. ‘పాతదే గానీ ఈ మధ్య భలే పనిచేస్తోందండీ, నీళ్ళు సలసల కాగిపోతున్నాయి, ఎర్రలైటు ఆరడమే లేదు. ఈ కారడం ఒక్కటే చికాకు’ అన్నాడు. కూతురు పురిటికి వచ్చిందనీ, ఇంట్లో పసిబిడ్డ ఉందనీ, వేడినీళ్ళకు లోటుండకూడదనీ కూడా అన్నాడు. నేను అదంతా వింటూ అరలోంచి డమ్మీ తీసి, మరలకు చుట్టుకునే తెల్ల టేపు కూడా ఒకటి ఇచ్చి, గట్టిగా బిగించుకోమని సలహా చెప్పాను.

చెబుతూ చెబుతూ ఉండగానే నాకు అర్థమైపోయింది. నేను పైపుల కొట్టువాణ్ణి, నాకు తెలియనిది కాదు. వేడి చాలనగానే కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ చెడిపోయింది, అందుకే లైటు ఆరడం లేదు. నీళ్ళు మరిగి లోపల ఒత్తిడి పెరుగుతుంటే, ఆ సేఫ్టీ వాల్వ్ ఒక్కటే బొట్టుబొట్టుగా దాన్ని బయటికి వదులుతోంది. ఇంటిల్లిపాదినీ కాచుకుంటున్నది ఆ కారడమే. దాని నోరు నొక్కడానికి కావాల్సిన సామాను నా చేతులతో నేనే ఇచ్చాను.

“ఇల్లెక్కడ?” అన్నాడు బావ.

తెలియదు. పేరు తెలియదు, ఫోన్ నంబరు లేదు. బావ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“టేపు జేబులో ఉందంటే దర్జీయే. కాలికేమున్నాయి?”

“హవాయి చెప్పులు.”

“నడిచొచ్చాడు. దగ్గర్లోనే ఉంటాడు. షట్టరు దించు.”

పన్నెండు కావస్తోంది. మా దుకాణం చుట్టూ నడిచి వెళ్ళగలిగినంత దూరంలో దర్జీ కొట్లు నాలుగున్నాయి. మొదటిదానిలో కుట్టేది ఒక ఆవిడ. ఇంట్లో గీజరే లేదంది. రెండోదానిలో మిషను తొక్కుతున్నాయన ఎవరో, పొద్దున వచ్చినాయన కాదు. గీజర్ గురించి అడిగితే మమ్మల్ని ఎగాదిగా చూసి, పని చెడగొడుతున్నామని విసుక్కున్నాడు. బావ సంచి భుజాన వేసుకుని ముందు నడుస్తున్నాడు, నేను వెనక దాదాపు పరుగెడుతున్నాను. ఎవరో లారీలోంచి ఇనుప చువ్వలు దించుతుంటే ఆ మోతకు రోడ్డు మధ్యలో ఆగిపోయాను. బావ వెనక్కి చూసి, “అది కాదు, నడు” అన్నాడు.

దారిలో నాకు నేను సర్దిచెప్పుకోవడం మొదలుపెట్టాను. ఇంకా బిగించి ఉండడు, దర్జీ చేతికి పానా ఎక్కడిది, మరలు కలవక ఊరుకుని ఉంటాడు. అలా అనుకుంటుంటే రెండడుగులు తేలిగ్గా పడేవి. మూడో అడుగుకి, గట్టిగా బిగించుకోమని నేను చెప్పిన మాట గుర్తొచ్చేది.

మూడో కొట్టు మూసి ఉంది. పక్కన తాళాలు బాగుచేసే ముసలాయన గొడుగు కింద కూర్చుని ఉన్నాడు.

“దర్జీ ఎటు పోయాడు తాతా?” అన్నాడు బావ.

“ఇప్పుడేగా పోయాడు. గీజరేదో కారుతోందంట, నా దగ్గర పానా తీసుకుపోయాడు. మీకు బట్టలివ్వాలా? వస్తాడులే, కూర్చోండి.”

“ఇప్పుడే అంటే ఎంతసేపైంది?”

“గంట అయ్యుంటుంది. ఏం, అంత తొందరా?”

గంటంటే ఈయనకు ఇప్పుడేనట. ఆ ముసలాయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నా మీద నాకు రావాల్సిన కోపం అది.

వెనక వీధిలో, బయటినుంచి మెట్లున్న మేడ ఇల్లని చెప్పాడు. వెనక వీధిలో అలాంటి ఇళ్ళు రెండున్నాయి. మొదటి ఇంటి మెట్లెక్కి తలుపు బాదితే ఒక కుర్రవాడు నిద్రకళ్ళతో వచ్చి, దర్జీ ఇల్లు ఎదురుదని చూపించాడు. అంత నిద్ర పోగలిగినవాణ్ణి చూసి కుళ్ళుకున్నాను.

ఎదురింటి మెట్ల పైన దండెం మీద పసిబిడ్డ పొత్తిగుడ్డలు ఆరేసి ఉన్నాయి. పొద్దున వచ్చినాయనే తలుపు తీశాడు. నన్ను చూసి ముఖం విప్పారింది.

“మీరా! కరెక్టుగా సరిపోయిందండీ. ఒక్క చుక్క కారితే ఒట్టు!”

బావ ఆయనను దాటుకుని లోపలికి వెళ్ళి, గుమ్మం పక్కనున్న కరెంటు బోర్డులో మెయిన్ స్విచ్ దించేశాడు. ఫ్యాను ఆగింది. లోపల గదిలోంచి ఆడవాళ్ళ గొంతులు లేచాయి.

“అందరూ బయటికి రండి. బిడ్డను తీసుకోండి. ఇంకేం తీసుకోవద్దు.”

“ఎవరండీ మీరు? ఏమైందండీ?” అంది దర్జీ భార్య.

“అమ్మా, ముందు కిందికి దిగండి. కింద అన్నీ చెబుతాను.”

అప్పుడు విన్నాను. స్నానాలగదిలోంచి సన్నగా ఒక మోత. పొయ్యి మీద గిన్నె మరిగేముందు గుయ్‌మంటుందే, అలాంటిది, కాకపోతే గోడలోంచి వస్తున్నట్టుంది. కరెంటు పోయినా అది ఆగలేదు. దర్జీకి కూడా అప్పుడే ఏదో తట్టినట్టుంది. “అయ్యో, వేడినీళ్ళ కుళాయి తిప్పేస్తే పోతుంది కదండీ” అంటూ అటు అడుగేశాడు. బావ ఆయన రెక్క పట్టుకుని లాగాడు. బావ ఎవరినైనా అలా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

“తిప్పొద్దు! ఇప్పుడు తిప్పితే లోపలున్న నీళ్ళన్నీ ఒక్కసారే ఆవిరై లేస్తాయి. దేన్నీ ముట్టుకోవద్దు. చల్లారనివ్వాలి, అంతే.”

మెట్లు దిగాం. వీధికి అవతల పక్క, ఒక గోడ నీడన నిలబడ్డాం. కింది వాటాలో ఎవరూ లేరు, తాళం వేసి ఉంది. బావ వీధిలో పోయేవాళ్ళను ఇంటి వైపు నడవకుండా పక్కకు తప్పిస్తూ నిలబడ్డాడు. ఎందుకని అడిగినవాళ్ళకు ఓపిగ్గా చెప్పాడు.

ఎంతసేపని దర్జీ అడిగాడు. సాయంత్రందాకా అన్నాడు బావ. దర్జీ కూతురు గోడ పక్కనున్న అరుగు మీద కూర్చుంది. చాలా చిన్నపిల్ల, ఇరవై దాటి ఉండవు. బిడ్డ పుట్టి పదహారు రోజులట. బిడ్డ ఒంటి గుడ్డ తడిపేసింది, మార్చడానికి పొడిబట్ట లేదు. దర్జీ భార్య మెట్ల వైపు వెళ్ళబోతే బావ అడ్డుపడ్డాడు. దర్జీ తన కొట్టుకు పరుగెత్తి, ఎవరిదో కోటుకని తెచ్చి ఉంచిన నున్నటి లైనింగు గుడ్డ కత్తిరించి తెచ్చాడు. అంత ఖరీదైన పొత్తిగుడ్డలో ఆ బిడ్డ హాయిగా నిద్రపోయింది. ఆ బిడ్డను చూడలేక నేను తల తిప్పుకున్నాను.

నేనే ఇచ్చానని వాళ్ళకు చెప్పాలి. దర్జీ నా వైపు చూసినప్పుడల్లా నీళ్ళు నమిలాను. చివరికి ఆయన దగ్గరికి వెళ్ళి, “పొద్దున మీరు అంతా చెప్పారు. లైటు ఆరడం లేదనీ చెప్పారు. నేను వినిపించుకోకుండా ఇచ్చేశాను. తప్పు నాది” అన్నాను.

“నేనడిగిందే కదండీ మీరిచ్చారు” అన్నాడాయన అమాయకంగా.

నేను రెండేళ్ళ కిందట బావతో అన్న మాట అదే.

మూడు గంటలప్పుడు బావ పక్కకు వెళ్ళి కూర్చున్నాను. ఆయన చూపు ఆ మేడ మీది చిన్న వెంటిలేటర్ మీదే ఉంది.

“బావా, ఇవాళ నువ్వు టీకి రాకపోయుంటే?”

“వచ్చాగా.”

“రాకపోయుంటే?”

ఆయన అటే చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. మా అక్కకు కూడా తెలియని సంగతి అది.

పని నేర్చుకునే రోజుల్లో, పంతొమ్మిదేళ్ళప్పుడు, మేస్త్రీ ఆయనను ఒక ఇంటికి పంపించాడట. గీజర్ కింద కారుతోంది, వెళ్ళి ఆపి రా అని. ఆ వాల్వ్ ఎందుకుందో బావకు అప్పటికి తెలియదు. కారుతోందన్నారు, ఆపాడు. డమ్మీ బిగించి, తుడిచి, చుక్క కూడా రావడం లేదని ఇంటావిడకు చూపించి, మెప్పు పొంది వచ్చాడు. ఏడాది తర్వాత వేరే ఊళ్ళో ఒక పెద్ద పనిలో ఉన్నప్పుడు ఎవరో ఆ వాల్వ్ సంగతి మాటల్లో చెప్పారట.

“ఆ రోజే బస్సెక్కాను. ఇల్లున్న చోట ఇల్లు లేదు. పడగొట్టి కొత్తది కడుతున్నారు.”

“కొత్తది కట్టుకుందామని పడగొట్టుంటారు బావా.”

“అయ్యుండొచ్చు.”

“అడగలేదా ఎవరినీ?”

“అక్కడ తాపీవాళ్ళున్నారు. పక్కింటివాళ్ళున్నారు. అడుగుదామని గంటసేపు నిలబడ్డా. నోరు రాలేదురా. ఏం చెబుతారోనని భయమేసింది. తిరిగొచ్చేశా.” చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. “ఇరవై ఆరేళ్ళయింది. ఇప్పుడు అడుగుదామన్నా అడగడానికి ఎవరూ లేరు.”

ఇంకోసారి మేస్త్రీ అని నేనూ పిలిచాను. ఆయన నడకను అనుకరించి పిల్లలను నవ్వించాను కూడా. ఆయన పక్కకు ఇంకొంచెం జరిగి కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఐదు దాటాక బావ లేచాడు. నేనూ లేచాను. “నీకక్కడ పనేం లేదు” అన్నాడు. “సంచి పట్టుకుంటాను” అన్నాను. సంచి నా చేతికిచ్చాడు. మోత ఎప్పుడో ఆగిపోయింది. స్నానాలగది గుమ్మంలో నన్ను ఆపేసి, తనొక్కడే లోపలికి వెళ్ళి, చెయ్యి తిరగేసి వేళ్ళ వెనకవైపుతో గీజర్ ఒంటిని తాకి చూశాడు. గోరువెచ్చగా ఉందన్నాడు. ముఖం పక్కకు తిప్పుకుని, డమ్మీకి పానా వేసి పావు చుట్టు వదులు చేశాడు. సన్నటి ధార ఒకటి చివ్వున ఎదుటి గోడకు కొట్టింది. అన్ని గంటలు చల్లారాక కూడా అంత జోరుగా కొట్టింది. నేను సంచి పట్టుకునే రెండడుగులు వెనక్కి వేశాను.

ధార తగ్గి, బొట్లయి, ఆగిపోయింది. బావ గీజర్ వైర్లు విప్పి, చివరలకు టేపు చుట్టి, థర్మోస్టాట్ ఊడదీసి దర్జీకి చూపించాడు. లోపలి ముక్కలు రెండూ కాలి అతుక్కుపోయి ఉన్నాయి. కొత్త గీజర్ పెట్టేదాకా నీళ్ళు పొయ్యి మీద కాచుకోమన్నాడు. కొత్తదాని కింద కూడా బొట్లు కారుతుంటాయి, దానికి ఒక గొట్టం తగిలించి కిందికి వదలాలి, ఎప్పుడూ మూయకూడదు, నేనే వచ్చి బిగిస్తాను అన్నాడు. దర్జీ భార్య బావ చేతులు రెండూ పట్టుకుంది. తర్వాత నా చేతులూ పట్టుకుంది. మీరు వెతుక్కుంటూ వచ్చారు కాబట్టి బతికాం బాబూ అంది. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

వీధిలోకి వచ్చాక బావ ఆ డమ్మీని నా చేతిలో పెట్టాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. “ఇంకోసారి చూసొస్తా” అన్నాడు.

“ఇద్దరం వెళ్దాం” అన్నాను.

మర్నాడు కొట్టు తెరిచి, అరలో డమ్మీల డబ్బా కిందికి దించాను. పదకొండేళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. అరంగుళం డమ్మీలు ఎన్ని అమ్మి ఉంటాను? చాలావరకు కొత్త ఇళ్ళ గోడల్లో, కుళాయిలు బిగించేదాకా పైపు మూతికి పెట్టుకోవడానికి పోయి ఉంటాయి. చాలావరకు. మిగతావి? కారుతోందండీ, ఒకటివ్వండి అని వచ్చినవాళ్ళు ఎంతమంది? ఒక్కరి ముఖమైనా గుర్తు రాదు. దర్జీ జేబులో టేపు ఉంది కాబట్టి దొరికాడు.

ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఎక్కడికండీ, ఎందుకండీ, లైటు ఆరుతోందా అండీ? వాళ్ళు విసుక్కుంటారు. బావ స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ వింటాడు, నేను ఏదైనా మరిచిపోతే అందుకుంటాడు. మొన్న ఒకాయన డమ్మీ అడిగి, నా ప్రశ్నలకు మండిపడి, “ఇస్తే ఇవ్వు, లేకపోతే చెప్పు, అవతలి వీధిలో ఇంకో కొట్టుంది” అని విసురుగా వెళ్ళిపోయాడు. అవతలి కొట్టువాడు ఏమీ అడగడు. ఒకప్పుడు నేను అడగనట్టే.

బావ గ్లాసు కింద పెట్టేలోపు నేను షట్టరు సగానికి దించి, ఆ మనిషి వెనకాలే నడుస్తున్నాను.